మూడు అమావాస్యలకు ఒకసారి

కదిరప్ప మగ్గం మీద నుంచి దింపిన చీరలో నెమళ్లకు మెడలు లేవు. తల వచ్చి నేరుగా భుజాల మీద కూర్చుంది. కొంగు నిండా నెమళ్లు, అన్నీ అంతే. నేసేటప్పుడు చీర మంచి వైపు కిందికి ఉంటుంది కాబట్టి, దింపేదాకా కదిరప్ప చూడలేదు. చీర కోసం వచ్చిన పెళ్లికూతురి తల్లి కొంగును వాకిట్లోకి తెచ్చి వెలుతురులో పట్టుకుంది.

"కోళ్లు బాగుండాయి. మేము చెప్పింది నెమళ్లు," అని మడిచి అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆమె మాటలో తప్పు లేదు. అవి కోళ్లే.

ఆ కొంగుకు అట్టలు ఇచ్చింది మా సాఫ్ట్‌వేర్. దాని పేరు పోగు. గళ్ల కాగితం మీద గీసిన బొమ్మను కంప్యూటర్‌కు చూపిస్తే, జాకార్డు మగ్గానికి తగిలించే అట్టల్లో ఎక్కడెక్కడ చిల్లు పడాలో అది చెబుతుంది. బొమ్మలో ఒక వరసకు ఒక అట్ట. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇంతకు మించి అందులో విద్య ఏమీ లేదు.

పోగుకు యజమాని లేడు. కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టి ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. బాగుచేసేవాళ్లు ఇద్దరు. హిందూపురంలో కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ధరణి ఒకరు, పెనుకొండ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపే దినేష్ ఒకడు. తీసుకునేవాళ్లు ఎంతమందో తెలియదు. ఇల్కల్ నుంచి, కంచి నుంచి, మొలకాల్మూరు నుంచి మెసేజీలు వస్తుంటాయి. వాటిలో థాంక్స్ అని వచ్చి రెండేళ్లైంది.

నాకు కోడ్ రాదు. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, ధర్మవరం వచ్చి, నలభై ఏళ్లు చేత్తో అట్టలు కొట్టాను. పోగు కొత్త వెర్షన్ బయటికి పోయే ముందు చూసి, ఔనో కాదో చెప్పడం నా పని. నేను ఔనంటేనే పోతుంది.

అమావాస్యనాడు మావాళ్లు మగ్గం ముట్టరు. నేతగాడి చేతులు ఖాళీగా ఉండేది ఆ ఒక్కరోజే. అందుకని కొత్త వెర్షన్ ప్రతి అమావాస్యకూ రావాలని మొదట్లోనే అనుకున్నాం. నాలుగేళ్లుగా ఒక్క అమావాస్య తప్పలేదు. దినేష్ పెళ్లైన నెల కూడా తప్పలేదు. నా భార్య అనసూయమ్మ పోయిన నెల కూడా తప్పలేదు.

సరిచూడటానికి ఒక పద్ధతి ఉంది. పరీక్ష కోసం పెట్టుకున్న ఒక నెమలి బొమ్మను దినేష్ కొత్త వెర్షన్‌కు ఇచ్చి, అది చెప్పిన చిల్లులన్నీ కాగితాల మీద నల్ల చుక్కలుగా అచ్చుతీసి నాకు పంపుతాడు. అసలు బొమ్మ ఒకరి చేతిలో ఉంటుంది. చుక్కల కాగితం ఇంకొకరి చేతిలో ఉంటుంది. బొమ్మ పట్టుకున్నవాళ్లు పిలుస్తారు. మూడు ఎత్తు, రెండు వదులు, ఐదు ఎత్తు. చుక్కలు పట్టుకున్నవాళ్లు వేలితో తడుముతూ పోతారు. అట్టలు కొట్టే ఇళ్లలో ముందునుంచీ ఇంతే. పిలిచే నోరు, తడిమే వేలు ఒకే మనిషివి కాకూడదు. ఒకే మనిషివైతే వేలు నోటిని నమ్ముతుంది.

పై వరసే మళ్లీ వస్తే పిలిచేవాళ్లు 'అదే' అంటారు. అప్పుడు వేలు ఒక వరస దిగాలి. మా ఇంట్లో పిలిచేది అనసూయమ్మ. ఆమె 'అదే'లను కూడా లెక్కపెట్టేది. అదే ఒకటి, అదే రెండు, అదే మూడు. నాకు విసుగ్గా ఉండేది. అదేకు లెక్క ఎందుకే అంటే, నీ వేలు నిద్రపోకుండా అనేది.

ప్రతి వెర్షన్‌తో పాటు ఏమేం మారాయో రాసి ఒక పేజీ పెడతారు. దాని అడుగున 'సరిచూసినవాళ్లు: అనసూయమ్మ, పుల్లన్న' అని ఉంటుంది. ఆమె పోయి ఇరవై నెలలు. ఆ మాట ఎవరూ మార్చలేదు. నేను మార్చమనలేదు. ఆ లెక్కన ఆమె పోయిన తర్వాత కూడా ఇరవై వెర్షన్లు సరిచూసింది.

నిజానికి ఆ ఇరవైనీ నేను ఒక్కడినే చూశాను. పిలవడానికి ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. నేనే పిలిచి, నేనే తడిమి, నేనే ఔనన్నాను. పందొమ్మిది సార్లు ఏమీ కాలేదు. ఇరవయ్యోసారి నెమలి మెడ దగ్గర, నలభై వరసలు నిటారుగా ఒకేలా ఉండే చోట, 'ఇదంతా అదే' అనుకుని తల దగ్గరికి పోయాను. ఆ నలభై వరసలకు కాగితం మీద ఒక్క వరసే ఉంది.

చీర చూసిన నిమిషంలోనే నాకు అర్థమైంది. చెప్పలేదు. చెబితే సరిచూసే పని నా చేతిలోంచి పోతుంది. నాకు మిగిలిన పని అదొక్కటే.

కదిరప్ప మా వీధివాడే. చీర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఏమప్పా పుల్లన్నా, ఇది ఎవురు చేసినారు?"

"సాఫ్ట్‌వేర్‌లో బగ్గంట."

"బగ్గంటే ఎవురు? యా ఊరోడు?"

"మనిషి కాదప్పా. తప్పు."

"మనిషి లేకుండా తప్పు యాడనుంచి వస్తాది? పన్నెండు దినాలు నేసినా. నాకు మనిషి కావల్ల."

మనిషి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. కాఫీ తాగుతావా అని అడిగాడు. కదిరప్ప తాగను అన్నాడు.

చీర ఫొటో చూసి, మర్నాటికి దినేష్ ఫోన్ గ్రూపులో రాశాడు. అట్టలు మిగులుతాయని, పక్కపక్కన ఒకేలా ఉండే వరసలను ఒకటిగా కలిపే ఏర్పాటు ఒకటి, బొమ్మ లేని ఖాళీ వరసల కోసం పెట్టాడట. అది మెడకూ పనిచేసింది. తప్పు నాది, క్షమించండి, అని రాశాడు. కింద ఇల్కల్ వాడెవడో చప్పట్ల బొమ్మ పెట్టాడు. నేను చదివి ఫోన్ పక్కన పెట్టాను.

కదిరప్ప కూడా చదివించుకున్నాడు. "దొరికినాడు," అన్నాడు.

ఆదివారం పెనుకొండలో కలుద్దామని ధరణి కబురు పెట్టింది. హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ రైలు ఆగే ఊరు అది, ఎవరికీ దూరం కాదు. వచ్చే అమావాస్యకు ఆరు రోజులుంది. కదిరప్ప నాతో పాటు రైలెక్కాడు. చీర ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా దినేష్‌ను ఏమని తిట్టాలో నాకు చెప్పి చూసుకున్నాడు. రెండు మాటలు మార్చమన్నాను. అవి మరీ మెత్తగా ఉన్నాయి.

దినేష్ షాపు షట్టరు సగం దించి లోపల నాలుగు కుర్చీలు వేశాడు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు. ధరణి అప్పటికే వచ్చి ఫోన్లో అత్తతో కన్నడంలో మాట్లాడుతోంది. కదిరప్ప కూర్చోకుండానే చీర విప్పి జిరాక్స్ మిషను మీద పరిచి, రైల్లో అనుకున్నవన్నీ వరసగా తిట్టాడు. మర్చిపోయినచోట నా వైపు చూశాడు. నేను అందించలేదు.

దినేష్ తల వంచుకుని విన్నాడు. అయిపోయాక, "ఉగ్గాని చల్లారిపోతాది పెద్దాయనా," అన్నాడు.

కదిరప్ప కూర్చుని తిన్నాడు.

ధరణి ఫోన్ పెట్టేసి విషయానికి వచ్చింది. "నేను ఒకటి అనుకున్నా. ప్రతి అమావాస్యకూ వెర్షన్ వద్దు. మూడు అమావాస్యలకు ఒకసారి చాలు. ఆ సందులో సరిచూసే టూలు ఒకటి రాద్దాము. మనం ఏది మార్చినా, మార్చిన ప్రతిసారీ అదే చూసి తప్పు చెప్పేటట్ల."

"సరిచూసేదానికి నేను లేనా?" అన్నాను.

"ఉండావన్నా. నువ్వు నెలకొకసారి చూస్తావు. దినేష్ దినానికి నాలుగు సార్లు మారుస్తాడు. నాలుగు సార్లూ నిన్ను కూర్చోబెట్టేదానికి అవుతాదా?"

"నాలుగేళ్లుగా అమావాస్య తప్పలేదు. నేతగాడు ఎదురుచూస్తాంటాడు."

"ఎవురు? నేనా?" కదిరప్ప బజ్జీ పక్కన పెట్టాడు. "నేను యాడ ఎదురుచూస్తాండా? నెలకొకసారి బటన్లు జాగా మారుస్తారు మీరు. నేర్చుకునేలోపల ఇంగో అమావాస్య వస్తాది. ఊర్లో అందరం అమావాస్య వస్తాందంటే భయపడతాండాము."

నాలుగేళ్లలో ఈ మాట ఎవరూ చెప్పలేదు. ధరణి రాసుకుంది.

నేను ఒప్పుకోలేదు. ఒకసారి ఆగితే మళ్లీ కదలదు అన్నాను. మగ్గం ఆగిన ఇల్లు చూశారా అన్నాను. నాకు తెలిసిన కారణాలన్నీ చెప్పాను, ఒకటి తప్ప.

అప్పుడు దినేష్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఆపేది యాలకి? టూలు నేను రాసేసినా."

"ఎప్పుడు?"

"ఈ పది దినాల్లో. నిద్రల్యా." నా వైపు తిరిగాడు. "మామా, ఇంగ నీకు కష్టం ల్యా. అమావాస్యకు అమావాస్య, వెర్షన్ తప్పేదీ ల్యా."

కంప్యూటర్ తిప్పి చూపించాడు. ఒక బటన్ నొక్కితే తెర మీద పచ్చ టిక్కులు పడుతూ పోయాయి. ఒక్కో అట్టకు ఒక్కో టిక్కు, మూడు వందల ఎనభై నాలుగు. అడుగున 'అన్నీ సరి' అని వచ్చింది. నేను మూడు రోజులు కూర్చుని చేసే పని. పదకొండు సెకన్లు పట్టింది.

నా పని పోవడానికి నేను ఏమీ చెప్పనక్కర్లేదని అప్పుడు తెలిసింది. చెప్పకుండా ఉన్నందుకు దక్కింది ఏమీ లేదు. ఆ పచ్చ టిక్కులు చూస్తుంటే, దినేష్ మొహంలో సంతోషం చూస్తుంటే, అది తప్పాలని కోరుకున్నాను. అందులో దాచడానికి ఏముంది.

"ఇప్పుడు నువ్వు ఇచ్చింది బాగుచేసిన వెర్షన్ గదా," అన్నాను. "కోళ్ల వెర్షన్ ఉండాదా?"

"ఉండాది మామా. పాతవన్నీ ఉంటాయి."

"దాన్ని ఇయ్యి."

"అది తప్పని తెలుసు గదా."

"మనకు తెలుసు. దానికి తెలుసునేమో చూద్దాం."

దినేష్ నొక్కాడు. పచ్చ టిక్కులు పడుతూ పోయాయి. ఈసారి పది సెకన్లే పట్టింది, అట్టలు తక్కువ కాబట్టి. అడుగున 'అన్నీ సరి' అని వచ్చింది.

కదిరప్ప లేచి చీర కొంగు ఎత్తి కంప్యూటర్ తెర ముందు పట్టుకున్నాడు. దానికి చూపిస్తున్నట్టు కొంచెంసేపు పట్టుకుని, "ఇది సరా?" అని అడిగాడు. కంప్యూటర్‌నే అడిగాడు.

ధరణి కుర్చీ ముందుకు జరుపుకుని దినేష్ రాసింది చదివింది. కింది దాకా పోయి మళ్లీ పైకి వచ్చింది.

"బొమ్మను చదివేదానికి యా కోడ్ వాడినావు?"

"పోగులో ఉండేదే. మళ్లీ రాసేది యాలకని."

"అయితే అట్టలు చేసేదీ అదే చదువుతాది. సరిచూసేదీ అదే చదువుతాది. మెడ అది తిన్నాక, సరిచూసేదానికి మెడ యాడ కనపడుతాది?"

దినేష్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నేను గెలిచాను. కొంచెం ఉగ్గాని పెట్టుకున్నాను. బాగుంది.

నోట్లో పెట్టుకోబోతుంటే దినేష్ తలెత్తాడు. ఎత్తిపొడుపు కాదు, వాడికి అర్థంకాక అడిగాడు.

"మామా, మిషను అంటే తనే పిలిచి తనే ఊ కొట్టింది. మీరు ఇద్దరు గదా. మీ ఇద్దరికీ ఎట్ల తప్పింది?"

"ఇద్దరెవరు?"

"నువ్వూ, పిలిచే ఆయప్ప. అత్త పోయినాక ఎవురినో కూర్చోబెట్టుకుంటాండావని అనుకున్నా. పేజీలో అత్త పేరు గుర్తుకని పెట్టినావని నేనేం కదిలించల్యా."

ధరణి నా వైపు చూడలేదు. ఆమె అనసూయమ్మ దినకర్మకు వచ్చింది. ఆమె కూడా అదే అనుకుని ఉంటుంది. ఇరవై నెలలు ఇద్దరూ ఏదో ఒకటి అనుకుని ఊరుకున్నారు. అడగలేదు. అడగనందుకు నేను వాళ్లని క్షమించలేదు. అడిగి ఉంటే అసలే క్షమించి ఉండను.

ఇంకా ఒక దారి ఉంది. మా వీధిలో పోయినవాళ్ల పేరు ఎవరిదైనా చెప్పొచ్చు. కుళ్లాయప్ప వచ్చి పిలిచేవాడు, పోయిన నెల పోయాడు, అనొచ్చు. కుళ్లాయప్ప నిజంగానే పోయిన నెల పోయాడు. కానీ కదిరప్ప పక్కనే ఉన్నాడు, పాడె మోసినవాళ్లలో ఆయనా ఒకడు. అదీకాక, దినేష్ పది రోజులు నిద్ర మానుకుని చేసింది కూడా నేను చేసినలాంటి పనే, పిలిచేదీ తడిమేదీ ఒకరే. వాడు తెలియక చేశాడు.

"ఎవరూ కూర్చోలేదు," అన్నాను. "నేనే పిలిచినా, నేనే తడిమినా. మెడ కాడ లెక్కపెట్టలేదు. అంతా అదే అనుకొని పోయినా. చీర చూసిన దినమే తెలుసు నాకు."

షాపు ముందు బస్సు ఆగింది, జనం దిగారు, కండక్టర్ రైట్ అన్నాడు.

"పది దినాలు," అన్నాడు కదిరప్ప. "ఒకే వీధిలో ఉండి పది దినాలు. ఇయ్యాల రైల్లో నేను ఈ పిల్లోన్ని తిట్టేదానికి మాటలు వెతుక్కుంటాంటే, రెండు నువ్వే ఇస్తివి గదప్పా."

"ఇచ్చినా."

"అవే గట్టివి."

"తెలుసు."

దినేష్‌కు నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. కదిరప్ప వాడి వైపు తిరిగాడు. "నువ్వు నవ్వాకు. నిన్ను తిట్టినేటివి వెనక్కి తీసుకోను. సగం నీవే. మిగతా సగం ఈయనకు తిరుగు రైల్లో ఇస్తా."

"పేజీలో నుంచి ఆమె పేరు తీసెయ్," అన్నాను దినేష్‌తో. "నాది కూడా."

"మామా..."

"ఆమె చూసినవి తప్పలేదు. ఈ ఇరవైకి ఆమె పేరు వద్దు. ముందరివాటికి ఉండనీ."

దినేష్ వెంటనే కంప్యూటర్ వైపు తిరిగి తీశాడు. ఇరవై పేజీలు. పది నిమిషాలు పట్టింది. అందరం చూస్తూ కూర్చున్నాం.

ధరణి అప్పుడు తన కాగితం తీసింది. ఆమెలో నాకు నచ్చేది అదే, ఓదార్చదు. "టూలు మళ్లీ రాయల్ల," అంది. "దానికి సరైన జవాబులు మన కోడ్ నుంచి రాకూడదు. కోడ్ పుట్టకముందువి కావల్ల. అన్నా, నువ్వు చేత్తో కొట్టిన అట్టలు ఎన్ని ఉండాయి?"

"ఇంట్లో పన్నెండు చీరలవి ఉండాయి. అన్నీ మగ్గమెక్కి దిగినవే. ఒక్కదానికీ మాట రాలేదు."

"వాటి బొమ్మలు?"

"ఉండాయి."

"అయితే పన్నెండింటినీ ఒక్కో అట్టా పిలిచి, తడిమి, నేను టైపు చేసుకోవల్ల. టూలు ఆ జవాబులతో పోల్చల్ల. అందులో మన కోడ్ ఒక్క లైను కూడా ఉండకూడదు. ఇది ఆరు దినాల్లో అయ్యేది కాదు. అందుకే మూడు అమావాస్యలన్నది."

"చెయ్యి ఎత్తండి," అంది. దినేష్ ఎత్తాడు. నేను ఎత్తాను. కదిరప్ప కూడా ఎత్తాడు. ఆయనకు ఓటు లేదని ఎవరూ చెప్పలేదు.

"పిలిచేదెవురు?" అంది ధరణి.

ఆ మాట ఇరవై నెలల కిందట రావలసింది.

"నేను పిలుస్తా," అన్నాడు కదిరప్ప. "ఈయన నోరు నేను నమ్మను."

అమావాస్య వచ్చింది. వెర్షన్ రాలేదు. ఇల్కల్ నుంచి, కంచి నుంచి ఏమైంది, యాడ పోయినారు అని మెసేజీలు వచ్చాయి. ఇక మీద మూడు అమావాస్యలకు ఒకసారే వస్తుందని, ఈలోగా తప్పులు పట్టే పనిముట్టు చేసుకుంటున్నామని, కోళ్ల చీర ఫొటోతో సహా దినేష్ జవాబు పెట్టాడు. మొలకాల్మూరు నుంచి ఒకడు, ఆ కోళ్ల డిజైన్ దొరుకుతుందా, మావాళ్లకు నచ్చింది అని అడిగాడు. దినేష్ ఇచ్చాడు. తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్, ఇవ్వనని అనడానికి లేదు.

కదిరప్ప రోజూ పొద్దున మగ్గమెక్కే ముందు రెండు గంటలు వస్తాడు. కాఫీ తాగడు. బొమ్మ కాగితం మోకాళ్ల మీద పెట్టుకుని, నా వేలి మీద ఒక కన్ను వేసి పిలుస్తాడు. నేతగాడు కాబట్టి వేగంగా పిలుస్తాడు. తప్పితే ఒక వరస వెనక్కి పోవడం ఆయన పద్ధతి కాదు. ఒక వరసలో వేలు తడబడితే ఆ చీర మొత్తం మొదటి అట్ట నుంచి మొదలుపెట్టిస్తాడు. మొదటి చీరను నాలుగు సార్లు మొదలుపెట్టాం. రెండు వందల పదో అట్ట దగ్గర ఒకసారి నేను బాగానే ఉన్నాను, ఆయనకే అనుమానం వచ్చింది. అయినా మొదటికే పోయాం.

తొమ్మిది రోజులకు ఒక పొద్దున, కదిరప్ప ఎదురుగా ఉండగానే, ధరణి ఫోన్ చేసింది. ఎన్ని చీరలు అయ్యాయని అడిగింది. ఒకటి అన్నాను.

"పన్నెండు గదన్నా ఉండేది. మూడు అమావాస్యల్లో అయితాదా?"

దొంగ లెక్క చెప్పి ఎవరినీ సంతోషపెట్టే వయసు కాదు నాది. "కాదు. నాలుగు పడతాది," అన్నాను.

కదిరప్ప బొమ్మ కాగితం మీద నుంచి చూపు తీయలేదు. "ఐదని చెప్పు," అన్నాడు.